ఎర్ర గీత, పచ్చ దీపం: పాత రాక్షస చిత్రాలపై మీ ప్రశ్నలు

ప్రశ్న: పాత హాలీవుడ్ దెయ్యాల సినిమాల మీద, వాటి అభిమానుల మీద మంచి డాక్యుమెంటరీలు ఉన్నాయంటారు. ఎక్కడ మొదలుపెట్టాలి? ఆ సినిమాలు నేనొక్కటీ చూడలేదు. (పాఠకురాలు, చిక్కడపల్లి)

జవాబు: డాక్యుమెంటరీతో మాత్రం మొదలుపెట్టకండి. ముగింపులన్నీ ముందే చెప్పేస్తాయి. ముందు 'ఫ్రాంకెన్‌స్టైన్' (1931), దాని కొనసాగింపు 'బ్రైడ్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్' (1935) చూడండి. రెండూ కలిపినా రెండున్నర గంటలు దాటవు, అంటే మన సినిమా ఒక్కటంత. ఆ తర్వాత కెవిన్ బ్రౌన్‌లో అనే దర్శకుడు తీసిన డాక్యుమెంటరీ 'యూనివర్సల్ హారర్' (1998) చూడండి. 1931 'డ్రాక్యులా'లో మొదటి మాట పలికిన కార్లా లేమ్లీ లాంటి ఆనాటి మనుషులు ఇందులో స్వయంగా మాట్లాడతారు. దాని బలమంతా అక్కడే ఉంది. బ్రిటిష్ నటుడు, రచయిత మార్క్ గాటిస్ బీబీసీకి చేసిన మూడు భాగాల 'ఎ హిస్టరీ ఆఫ్ హారర్' (2010) హాలీవుడ్ దగ్గర ఆగకుండా బ్రిటన్‌కి వెళ్లి, మళ్లీ అమెరికాకి వస్తుంది.

అభిమానుల సంగతే కావాలంటే, టీవీలో ఈ సినిమాలను పరిచయం చేసిన వేషధారుల మీద తీసిన 'అమెరికన్ స్కేరీ' (2006) చూడాలి. ఈ పిచ్చి థియేటర్లో కన్నా టీవీ ముందే బాగా ముదిరింది. 1957లో యూనివర్సల్ స్టూడియో పాత చిత్రాలు 52 ఒకే మూటగా టీవీ స్టేషన్లకు అద్దెకొచ్చాయి. స్థానిక స్టేషన్లు శవపేటికలు, సాలెగూళ్లు పెట్టి వేషధారులతో వాటిని పరిచయం చేయించాయి. మరుసటి ఏడే ఫారెస్ట్ అకర్‌మన్ సంపాదకత్వంలో 'ఫేమస్ మాన్‌స్టర్స్ ఆఫ్ ఫిల్మ్‌లాండ్' పత్రిక వచ్చింది. తమ తండ్రులు చూసిన సినిమాలకు పిల్లలు అభిమానులయ్యారు.

ప్రశ్న: 1931 'డాక్టర్ జెకిల్ అండ్ మిస్టర్ హైడ్'లో షాట్ కట్ కాకుండానే మంచివాడైన జెకిల్ ముఖం దుర్మార్గుడు హైడ్ ముఖంగా మారుతుంది. కంప్యూటర్ లేని రోజుల్లో ఎలా చేశారు? మా షార్ట్ ఫిల్మ్‌లో ఫోన్‌తో చేయొచ్చా? (పాఠకుడు, కూకట్‌పల్లి)

జవాబు: చేయొచ్చు, ఖర్చూ తక్కువే. కెమెరామన్ కార్ల్ స్ట్రస్ నటుడు ఫ్రెడ్రిక్ మార్చ్ ముఖం మీద ఎర్ర రంగుతో ముడతలు, నీడలు గీయించాడు. కెమెరా ముందు ఎర్ర ఫిల్టర్ ఉన్నంతసేపు చర్మమూ ఎర్ర గీతలూ ఒకేలా తెల్లగా పడతాయి, కాబట్టి గీతలు కనబడవు. ఫిల్టర్‌ను మెల్లగా ఆకుపచ్చ వైపు జరిపితే అవే గీతలు నల్లగా తేలుతాయి. సినిమా బ్లాక్ అండ్ వైట్ కాబట్టి ఫిల్టర్ మారినట్టు ప్రేక్షకుడికి తెలియదు. జుట్టు, కోరలు మాత్రం తర్వాతి షాట్లలో విడిగా పెట్టినవే.

ఫోన్ లెన్సు చిన్నది. ఫిల్టర్ అంచు దాటగానే మార్పు టక్కున జరిగిపోతుంది. అందుకే ఫిల్టర్ జరపకుండా దీపాలు మార్చండి. గది పూర్తిగా చీకటి చేసి, ఒక ఎర్ర ఎల్ఈడీ బల్బు, ఒక ఆకుపచ్చ బల్బు ముఖానికి మూడడుగుల దూరంలో పక్కపక్కనే పెట్టండి. మామూలు బల్బుకి రంగు జెలటిన్ కాగితం చుడితే పచ్చ కాగితంలోంచి కూడా కాస్త ఎరుపు జారుతుంది, గీతలు సగమే తేలతాయి. గీతలకు ప్రకాశవంతమైన ఎర్ర లిప్ పెన్సిల్ వాడండి. మెరూన్ పనికిరాదు, ఎర్ర దీపంలో కూడా ముదురుగానే కనబడుతుంది. ముందు చేతి మీద గీసి పరీక్షించుకోండి.

ఫోన్‌ని స్టాండు మీద పెట్టి, ప్రో మోడ్‌లో ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్, ఫోకస్ మూడూ లాక్ చేయండి. ఎక్కువమంది తప్పేది ఇక్కడే: దీపం మారగానే ఫోన్ తనంతట తానే సర్దుకుని మాయనంతా చెడగొడుతుంది. రెండు బల్బులకూ చెరో అట్టముక్క పెట్టుకుని, నాలుగైదు సెకన్లలో ఎర్రదాన్ని మూస్తూ పచ్చదాన్ని తెరవండి. మధ్యలో ముఖం చీకటి పడితే పచ్చదాన్ని కాస్త ముందుగా తెరవాలి. రంగుల్లోనే తీసి, ఎడిటింగ్‌లో బ్లాక్ అండ్ వైట్ చేయండి. పచ్చ దీపంలో పెదవులు, మొటిమలు కూడా నల్లబడతాయి. అది హైడ్‌కి కలిసొచ్చేదే.

ప్రశ్న: విఠలాచార్య సినిమాల అభిమానుల మీద చిన్న డాక్యుమెంటరీ తీస్తున్నాం. ఇంటర్వ్యూల్లో వీడియో మీద చారలు కదులుతున్నాయి. సినిమా ముక్కలు పది సెకన్లలోపు వాడితే కాపీరైట్ రాదంటున్నారు, నిజమేనా? (పాఠకుడు, మల్కాజిగిరి)

జవాబు: మన కరెంటు 50 హెర్ట్జ్, ట్యూబ్‌లైటు సెకనుకు వందసార్లు మిణుకుతుంది. కెమెరా షటర్ వేగం 1/60 సెకనులో ఉంటే చారలు పాకుతాయి. 1/50 గానీ 1/100 గానీ పెట్టండి.

పది సెకన్ల నియమం చట్టంలో ఎక్కడా లేదు. 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ విమర్శ, సమీక్ష కోసం న్యాయమైన మేరకు వాడుకోనిస్తుంది. కాబట్టి 'జగన్మోహిని' (1978) ముక్క వేస్తే, అదే ముక్క గురించి మీ వ్యాఖ్యానం నడవాలి. అలంకారానికి వేస్తే ఐదు సెకన్లైనా చిక్కే. యూట్యూబ్‌లో పాటలు చాలా త్వరగా దొరికిపోతాయి, ముక్కల కింద పాత సంగీతం ఉంచకండి.

ప్రశ్న: పాత సినిమాల్లో అందరి ముఖాలూ మా టీవీలో లావుగా కనబడుతున్నాయి. (పాఠకురాలు, సైదాబాద్)

జవాబు: ఆ చిత్రాల చట్రం దాదాపు 4:3. టీవీ దాన్ని 16:9కి సాగదీస్తోంది. పిక్చర్ సైజును 'ఒరిజినల్' లేదా 4:3 చేయండి. రెండు పక్కలా నల్ల పట్టీలు వస్తాయి, రావాలి కూడా. పనిలో పనిగా, కదలికలను కృత్రిమంగా నున్నగా చేసే 'మోషన్ స్మూతింగ్' సెట్టింగ్ కూడా ఆపేయండి, లేకపోతే ఫ్రాంకెన్‌స్టైన్ రాక్షసుడు డైలీ సీరియల్లో నడిచినట్టుంటాడు.