పీహెచ్‌డీకి హెచ్-ఇండెక్స్ 54 ఉన్న గైడా, 21 ఉన్న గైడా?

మీ పరిస్థితి నాకు అర్థమైనంతలో ఇదీ: ఇద్దరు ఆర్గానిక్ కెమిస్ట్రీ ప్రొఫెసర్లు చేర్చుకుంటామన్నారు. ఒకరి హెచ్-ఇండెక్స్ 54, ఇంకొకరిది 21. అంటే కనీసం 54 సైటేషన్లు (వేరే పేపర్లలో ప్రస్తావనలు) చొప్పున వచ్చిన పేపర్లు మొదటి ఆయనకు 54 ఉన్నాయి, కనీసం 21 చొప్పున వచ్చినవి రెండో ఆయనకు 21. మీ మనసేమో టోటల్ సింథసిస్ (ప్రకృతిలో దొరికే పదార్థాన్ని చిన్న రసాయనాల నుంచి ల్యాబ్‌లో మొత్తంగా కట్టడం) చేసే రెండో ఆయన మీద ఉంది. చుట్టూ ఉన్నవాళ్లు మాత్రం 54 వైపే తోస్తున్నారు.

ముందు నా సొంత లెక్క చెబుతాను. పీహెచ్‌డీలో ఒక సహజ పదార్థాన్ని ల్యాబ్‌లో కట్టడానికి నాకు నాలుగున్నరేళ్లు పట్టింది, మొత్తం 23 స్టెప్పులు. పద్దెనిమిదో స్టెప్పు దగ్గర ఆరు నెలలు ఇరుక్కుపోయాను. చేతిలో మిగిలింది ఏడు మిల్లీగ్రాములు, ఫ్లాస్క్ ముట్టుకోవాలంటేనే టెన్షన్. ఆ పేపర్‌కి ఇప్పటిదాకా వచ్చిన సైటేషన్లు 14, అందులో మూడు మేం ఇచ్చుకున్నవే. తర్వాత పోస్ట్‌డాక్‌లో ఎమైడ్ తయారీకి ఒక సులువు పద్ధతి దొరికింది. రెండు నెలల పని, నాలుగు పేజీల పేపర్. దానికి 260 దాటాయి. నా ప్రొఫైల్ తెరిస్తే పైన మెరిసేది అదే. నేను గర్వపడేది మాత్రం ఆ 14 దాన్ని చూసి.

మన రంగంలో జనం మెచ్చుకున్నదానికన్నా వాడుకున్నదాన్నే ఎక్కువగా సైట్ చేస్తారు. 1978లో క్లార్క్ స్టిల్ బృందం ఫ్లాష్ క్రొమాటోగ్రఫీ మీద రాసిన పేపర్ చూడండి, మిశ్రమంలోని పదార్థాల్ని విడదీయడానికి కాలమ్ వేసే పద్ధతి అంతే. 1997లో గాట్లీబ్, మరో ఇద్దరు కలిసి ఎన్‌ఎంఆర్‌లో (మాలిక్యూల్ నిర్మాణం తేల్చే పరీక్ష) మిగిలిపోయిన సాల్వెంట్ల పీక్‌లు ఎక్కడ వస్తాయో పట్టిక వేశారు. మా ల్యాబ్‌లో ఆ ప్రింటు లేని ఫ్యూమ్ హుడ్ (ఆవిర్లను బయటికి లాగే పని అర) లేదు. రెండింటికీ సైటేషన్లు వేలల్లో ఉన్నాయి. అలాగని ఒక పని మరీ వాడుకలోకి వెళ్లిపోతే సైటేషనే ఆగిపోతుంది. గ్రిన్యార్ 1900లో ప్రకటించిన పేపర్‌ని ఇవాళ గ్రిన్యార్ రియాక్షన్ పెట్టేవాళ్లలో ఎందరు సైట్ చేస్తారు?

సమీక్షలది, అంటే అప్పటికే జరిగిన పనిని కూడగట్టి రాసే పేపర్లది, ఇంకో కథ. సుజుకి, మియౌరా రెండు కార్బన్ ముక్కల్ని కలిపే తమ కప్లింగ్ రియాక్షన్‌ని 1979లో ప్రకటించారు. కానీ 1995లో కెమికల్ రివ్యూస్‌లో దాని మీద రాసిన సమీక్షకే ఎక్కువ సైటేషన్లు. కాబట్టి 54 ఆయన జాబితాలోంచి సమీక్షలు పక్కన పెట్టి మళ్లీ చూడండి. ఎంత తగ్గుతుందో మీకే తెలుస్తుంది.

ఇంకో మాట. హెచ్-ఇండెక్స్‌ని 2005లో ప్రతిపాదించిన హిర్ష్ భౌతిక శాస్త్రవేత్త. ఆ అంకె వయసుతో పెరగడమే గానీ తగ్గదు. అందుకే పరిశోధన చేసిన ఏళ్లతో దాన్ని భాగించి చూడటం గురించి ఆయన ఆ పేపర్‌లోనే రాశారు. మీరు చెప్పిన ఇద్దరిలో ఒకరికి ముప్పై ఏళ్ల అనుభవం, ఇంకొకరికి తొమ్మిదేళ్లే. భాగించారా? 54ని 30తో భాగిస్తే 1.8. 21ని 9తో భాగిస్తే 2.3 పైనే.

సైటేషన్ అంటే పొగడ్తే అనుకోకండి. బాగా పేరున్న ఒక పద్ధతిని నేను ఐదుసార్లు చేసి చూశాను. పేపర్‌లో 92 శాతం యీల్డ్ (రావాల్సినదాంట్లో చేతికొచ్చిన పదార్థం), నాకు 35 దాటలేదు. ఆ మాటే మా పేపర్‌లో రాశాం. వాళ్ల ఖాతాలో మాత్రం ఇంకో సైటేషన్ జమైంది! అప్పట్నుంచి ఎవరి పని చూసినా ముందు సపోర్టింగ్ ఇన్ఫర్మేషన్ (పేపర్‌తో పాటు ఇచ్చే ప్రయోగ వివరాలు) తెరుస్తాను. స్పెక్ట్రాలు శుభ్రంగా ఉన్నాయా, వేరే ల్యాబ్‌లవాళ్లు ఆ పద్ధతిని తమ మాలిక్యూల్ మీద నిజంగా వాడారా అన్నదే నాకు ముఖ్యం.

అలాగని అంకెల్ని గాలికొదిలేయమనను. పోస్ట్‌డాక్‌కీ ఉద్యోగానికీ అప్లికేషన్లు వడపోసేవాళ్లు వాటిని చూస్తారు, పెద్ద గైడ్ పేరు తలుపులు తీస్తుంది. టోటల్ సింథసిస్‌లో మీకు ఐదేళ్లకు ఒక్క పేపరే రావచ్చు. తోటివాళ్లకు నాలుగొస్తుంటే చూస్తూ ఉండగలరా అన్నది మీరే తేల్చుకోవాలి. నేను మీ స్థానంలో ఉంటే 21 ఆయన దగ్గరికే వెళ్తాను, కానీ ఆయన విద్యార్థులతో మాట్లాడాకే. మొదటి ఏడాది వాళ్లను అడక్కండి, వాళ్లకు అంతా బాగానే కనిపిస్తుంది. నాలుగో ఏడాది వాళ్లను పట్టుకుని, రియాక్షన్ ఆగిపోయిన రోజుల్లో గైడ్ ల్యాబ్‌కి ఎన్నిసార్లు వచ్చాడో అడగండి.