చెన్నైలో ఫ్లాట్ అమ్మే వ్యక్తి గురించిన ప్రభుత్వ రికార్డులను ఖర్చు లేకుండా ఎలా చూసుకోవాలి?

మీరు పెరంబూరులో ఒకరి దగ్గర పాత ఫ్లాట్ కొనబోతున్నారనీ, ఆయన పేరు ఇస్తే కేసులూ ఆస్తులూ అన్నీ తీసి ఇస్తామని ఒక ప్రైవేటు సంస్థ డబ్బు అడుగుతోందనీ, అదే సమాచారం ఉచితంగా దొరుకుతుందా అనీ అడిగారు. చాలావరకు దొరుకుతుంది. నేను ఇదే నగరంలో ఫ్లాట్ కొన్నప్పుడు వకీలు దగ్గరికి వెళ్లేముందే ఆ పనిని ఇంట్లో కూర్చుని చేసుకున్నాను. అయితే మన దేశంలో ప్రభుత్వ రికార్డులు మనిషి పేరు కింద ఒకచోట పోగై ఉండవు. భూమి వివరాలు సర్వే నంబరు కింద, దస్తావేజు దాని నంబరూ సంవత్సరమూ కింద, కేసు అది నడిచే కోర్టు కింద ఉంటాయి. కాబట్టి పేరుతో మొదలుపెట్టకుండా, అమ్మే ఆయన దస్తావేజు నకలు అడిగి తీసుకుని అందులోని నంబర్లతో మొదలుపెట్టండి. నకలు ఇవ్వడానికే వెనకాడేవారితో బేరం అక్కడితో ఆపేయడం మంచిదని నా అభిప్రాయం.

అన్నిటికన్నా ఎక్కువ సమాచారం ఇచ్చేది ఈసీ, అంటే ఒక ఆస్తి మీద రిజిస్టర్ అయిన అమ్మకాలూ తాకట్టులూ వరసగా చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్. తమిళనాడు రిజిస్ట్రేషన్ శాఖ వారి టీఎన్‌రెజినెట్ వెబ్‌సైట్‌లో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు, గ్రామం, సర్వే నంబరు, తేదీలు ఇచ్చి గానీ, దస్తావేజు నంబరూ సంవత్సరమూ ఇచ్చి గానీ ఈసీని డబ్బు కట్టకుండా చూడవచ్చు. నగరం నడిబొడ్డున ఉన్న పేటలను కూడా అక్కడ గ్రామాలుగానే రాస్తారు. మీ దస్తావేజులో గ్రామం పేరు ఎలా ఉందో అలాగే ఎంచుకోవాలి. అపార్ట్‌మెంట్ అయితే ఆ స్థలంలో విభజించని వాటాలు కొన్న వారందరి లావాదేవీలూ వరసగా వస్తాయి కనుక, అమ్మే ఆయన దస్తావేజు నంబరును పట్టుకుని, ఎవరు రాసి ఇచ్చారో ఎవరు రాయించుకున్నారో చూస్తూ వెనక్కి వెళ్లాలి. చాలా ఎంట్రీలు తమిళంలో ఉంటాయి, చదవడం రాకపోతే వచ్చిన వారిని పక్కన కూర్చోబెట్టుకోండి.

నేను చూసిన ఈసీలో అమ్మే ఆయన ఒక బ్యాంకుకు దస్తావేజులు కుదువ పెట్టినట్టు ఎంట్రీ ఉంది, కానీ ఆ అప్పు తీరినట్టు చెప్పే రసీదు ఎంట్రీ ఎక్కడా లేదు. అడిగితే ఆయన ఏ తొట్రుపాటూ లేకుండా, అప్పు ఎప్పుడో తీర్చేశాననీ, బ్యాంకు నుంచి కాగితాలు వెనక్కి తెచ్చుకున్నాను గానీ రసీదును రిజిస్టర్ చేయించలేదనీ చెప్పారు. చెన్నైలో ఇది తరచుగా జరిగేదే. ఆయన బ్యాంకు వారిని వెంటబెట్టుకుని వెళ్లి రసీదు రిజిస్టర్ చేయించి, కొత్త ఈసీలో అది కనిపించేదాకా నేను బయానా ఇవ్వలేదు. మరొక సంగతి గుర్తుంచుకోవాలి: ఈసీ చూపించేది రిజిస్టర్ అయిన లావాదేవీలనే. రిజిస్టర్ చేయని వీలునామా గానీ, చేబదులుకు రాసుకున్న కాగితం గానీ అందులో కనిపించవు.

తరువాత కోర్టులు. ఈకోర్ట్స్ వెబ్‌సైట్‌లో రాష్ట్రం, జిల్లా, కోర్టు సముదాయం ఎంచుకుని, వాది లేదా ప్రతివాది పేరూ కేసు సంవత్సరమూ ఇచ్చి ఉచితంగా వెతకవచ్చు. సంవత్సరం తప్పనిసరి కనుక ఒక్కొక్క సంవత్సరానికీ విడిగా వెతకాలి, ఓపిక కావాలి. జిల్లా కోర్టుల జాబితాతో ఆగిపోకండి, ఎందుకంటే చెన్నైలో పెద్ద విలువ గల సివిల్ దావాలు నేరుగా మద్రాసు హైకోర్టు ఒరిజినల్ సైడ్‌లో పడతాయి, వాటిని హైకోర్టు విభాగంలో చూడాలి. 20 లక్షల రూపాయలు, ఆపైన ఉన్న బాకీల కోసం బ్యాంకులు వేసే కేసులు డెట్స్ రికవరీ ట్రిబ్యునల్ వెబ్‌సైట్‌లో ఉంటాయి. దావా నడుస్తున్న ఆస్తిని కొంటే ఆస్తి బదిలీ చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆ తీర్పు కొన్నవారికీ వర్తిస్తుంది కనుక ఈ వెతుకులాటను తేలికగా తీసుకోకూడదు.

పేరు విషయంలోనే తిప్పలు ఎక్కువ. మన తెలుగువారు నెల్లూరులో ఇంటిపేరుతో, చెన్నైలో తండ్రి పేరులోని మొదటి అక్షరంతో నమోదై ఉంటారు. పైగా అదే పేరును ఇంగ్లిషులో ఒక్కొక్క గుమస్తా ఒక్కొక్క తీరున రాస్తారు. పేరులో మారని భాగాన్ని మాత్రమే టైపు చేయండి, మూడు అక్షరాలు ఉంటే చాలు. సుబ్రమణ్యం వంటి పేరుకు లెక్కలేనన్ని కేసులు వస్తాయి. తండ్రి పేరూ చిరునామా కలిస్తే తప్ప ఆయనే ఈయన అనుకోకండి, ఎవరితోనూ అనకండి.

ఆస్తి తండ్రి నుంచి వచ్చిందంటే, నగరంలో నమోదైన మరణ ధ్రువపత్రాన్ని చెన్నై కార్పొరేషన్ వెబ్‌సైట్‌లోనే ఉచితంగా సరిచూసుకోవచ్చు. వారసులు ఎవరెవరన్నది మాత్రం తాసిల్దారు ఇచ్చిన వారసత్వ పత్రం చూస్తేనే తెలుస్తుంది. ఆయనకు కంపెనీ ఉంటే కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో డైరెక్టర్ల పేర్లూ, జీఎస్టీ నంబరు ఉంటే జీఎస్టీ పోర్టల్‌లో ఆ రిజిస్ట్రేషన్ అమల్లో ఉందో రద్దయిందో కూడా ఖర్చు లేకుండా కనిపిస్తాయి. సుప్రీంకోర్టు 2016లో ఇచ్చిన ఆదేశం వల్ల ఎఫ్ఐఆర్‌లను పోలీసు శాఖలు ఆన్‌లైన్‌లో పెడుతున్నాయి గానీ, లైంగిక నేరాల వంటి సున్నితమైనవి అందులో ఉండవు.

ఒక మనిషి బ్యాంకు ఖాతా, ఆధార్ వివరాలు, ఫోను కాల్స్, ఆదాయపు పన్ను రిటర్నులు పబ్లిక్ రికార్డులు కావు. వాటిని కూడా తెచ్చి ఇస్తామని ఆ సంస్థ చెబుతుంటే అది చట్టవిరుద్ధమైన దారి, దాని జోలికి వెళ్లకండి. నిజంగా డబ్బు పెట్టవలసినవి రెండే: బ్యాంకు రుణానికి అడిగే ధ్రువీకరించిన ఈసీ నకలు, పాత దస్తావేజులన్నీ వరసగా చదివి అభిప్రాయం రాసి ఇచ్చే వకీలు ఫీజు. పైన చెప్పినవన్నీ ప్రింటు తీసి తేదీల వరసలో పెట్టి ఇస్తే వకీలు పని సగం తగ్గుతుంది, ఫీజు గురించి మాట్లాడడానికి మీకూ కాస్త వీలు దొరుకుతుంది.