ముక్కలు మూటలోనే ఉంటే బొంత ఎప్పటికి అవుతుంది?

ప్రశ్న: అక్కా, నేను జాకెట్లూ పిల్లల గౌన్లూ కుడతాను. మిగిలిన గుడ్డ ముక్కలు పారెయ్యబుద్ధి కాక సంచుల్లో కుక్కుతూ వచ్చాను, ఇప్పుడు మంచం కింద జాగా లేదు. బొంత కుడదామని సంచి విప్పితే అన్నీ చిక్కుపడి, నలిగిపోయి కనపడతాయి, మళ్లీ మూట కట్టేస్తాను. రంగుల వారీగా సర్దితే బాగుంటుందా?

జవాబు: రంగుల దగ్గర మొదలుపెట్టకండమ్మా. చాలామంది అక్కడే మొదలుపెడతారు, చూడ్డానికి డబ్బాలు అందంగా ఉంటాయి, కానీ కుట్టడానికి కూర్చున్నప్పుడు ఎర్ర డబ్బాలో జానెడు ముక్క, బెత్తెడు ముక్క, చేతి వంపు దగ్గర కోసిన వంకర ముక్క అన్నీ కలిసి ఉంటాయి, మళ్లీ ఏరుకోవాల్సిందే. ముందు బట్ట రకం చూడండి, తర్వాత సైజు, ఆఖర్న రంగు. మూటలో పడేసినంత మాత్రాన అది దాచినట్టు కాదు, చెయ్యి పెట్టగానే కుట్టడానికి వచ్చేలా ఉంటేనే దాచినట్టు.

సైజు సంగతి కొంచెం వివరంగా చెప్తాను, అసలు పనంతా ఇక్కడే ఉంది. మూడే మూడు చదరాలు పెట్టుకోండి: 4½ అంగుళాలు, 2½ అంగుళాలు, 1½ అంగుళం. ఎందుకు ఇవే అంటే బొంత ముక్కలకి అంచు నుంచి పావు అంగుళం లోపలికి కుట్టు వేస్తాం కదా, 1½ ముక్కలు నాలుగు కలిపి కుడితే సరిగ్గా 2½ చదరం వస్తుంది, 2½ ముక్కలు నాలుగు కలిపితే సరిగ్గా 4½ వస్తుంది. అంటే చిన్న డబ్బాలో ముక్కలు ఎక్కువైతే నాలుగేసి కలిపి పై డబ్బాలోకి పంపెయ్యొచ్చు, పెద్దవి తక్కువపడ్డా బొంత ఆగదు, ఏ డబ్బా ముక్కైనా ఇంకోదాని పక్కన సరిపోతుంది. ఇష్టమొచ్చిన కొలతలకి కోసి పెట్టుకుంటే ఈ సౌకర్యం ఉండదు. 4½ ముక్క కుట్టాక 4 అంగుళాలు పైకి కనపడుతుంది, కాబట్టి 60 అంగుళాల వెడల్పు 88 అంగుళాల పొడవు బొంతకి అడ్డంగా 15, నిలువుగా 22, మొత్తం 330 ముక్కలు కావాలి. అదే బొంత ఒట్టి 2½ ముక్కలతో అయితే 1320. ఈ లెక్క డబ్బా మూత మీద రాసి అతికించుకోండి, ఎంత పోగయ్యిందో ఇంకా ఎంత కావాలో తెలుస్తుంటే చెయ్యాలన్న ఉత్సాహం దానంతటదే వస్తుంది.

కోసే ముందు ఇస్త్రీ తప్పనిసరి, నలిగిన ముక్క మీద గీసిన చదరం ఇస్త్రీ చేశాక చదరంగా ఉండదు. తర్వాత ముక్కని రెండు చేతులతో పట్టుకుని మెల్లగా లాగి చూడండి, పడుగు (నిలువు పోగుల) వైపు దాదాపు సాగదు, పేక (అడ్డ పోగుల) వైపు కాస్త సాగుతుంది, మూలకి మూల లాగితే బాగా సాగిపోతుంది. చదరం అంచులు పడుగు పేకల వెంబడే ఉండాలి, క్రాస్‌గా కోసిన అంచు కుట్టేటప్పుడు సాగి అలలు అలలుగా వస్తుంది. కొలతకి దళసరి అట్టతో మూడు నమూనాలు చేసుకుని పెన్సిల్‌తో గీసి కత్తెరతో కోసినా చాలు, రోటరీ కట్టర్ (గుండ్రటి బ్లేడు దొర్లిస్తూ కోసేది), దాని కింద పరిచే మ్యాట్ ఉంటే పని తొందరగా అవుతుంది అంతే.

ఇక పాత మూటలన్నీ ఒక్కరోజే తేల్చెయ్యాలని కూర్చోకండి, విసుగొచ్చి మళ్లీ కట్టేస్తారు. ముందు ఈరోజు కుట్టిన జాకెట్టు ముక్కల్ని ఈరోజే, ఇస్త్రీపెట్టె వేడిగా ఉండగానే, కోసి డబ్బాలో వెయ్యడం అలవాటు చేసుకోండి. కొత్తవి మూటలోకి వెళ్లడం ఆగిపోతే పాతవి గుప్పెడు గుప్పెడు తీసినా ఎప్పటికో ఒకప్పటికి తరుగుతాయి.

ప్రశ్న: ఎంత చిన్న ముక్క దాకా ఉంచుకోవచ్చండీ? నాకు వేలెడంత ముక్క కూడా పారెయ్యాలంటే ప్రాణం ఒప్పదు.

జవాబు: 1½ అంగుళం చదరం రాని ముక్కని చదరాల కోసం ఉంచకండి. లెక్క చూడండి, 4½ ముక్కలో దాదాపు 79 శాతం గుడ్డ పైకి కనపడుతుంది, 2½ ముక్కలో 64 శాతం, 1½ ముక్కకొచ్చేసరికి 44 శాతమే, సగం పైగా కుట్టు లోపలికి వెళ్లిపోతుంది. అంతకంటే చిన్నదైతే గుడ్డ కంటే దారం ఎక్కువ, వెనకాల కుట్లన్నీ గుట్టలా లేచి సూది కూడా దిగదు. పారెయ్యడానికి మనసొప్పకపోతే అవన్నీ ఒక సంచిలో వేసి గుండుసూదులు గుచ్చుకునే దిండు కుట్టి అందులో కూరండి, బాగా గట్టిగా కూరాలి, చాలా పడతాయి.

ప్రశ్న: మా దగ్గర కాటనూ సిల్కూ పాలిస్టరూ అన్నీ కలిసిపోయాయి, చూస్తే తెలియట్లేదు. అన్నీ కలిపి కుట్టేస్తే ఏమవుతుంది?

జవాబు: మొదటి ఉతుకులోనే తేడా తెలిసిపోతుంది. కాటన్ ముడుచుకుంటుంది, పాలిస్టర్ అలాగే ఉంటుంది, రెండింటి మధ్య కుట్టు చిన్న చిన్న ముడతలు పడుతుంది. పైగా కాటన్‌కి సరిపడే ఇస్త్రీ వేడికి పాలిస్టర్ కరిగి అంటుకోవచ్చు. కాబట్టి వేరు చెయ్యాల్సిందే.

గుర్తుపట్టడానికి అంచు నుంచి నాలుగు పోగులు లాగి, పట్టకారుతో పట్టుకుని, స్టీలు పళ్లెంలో కొంచెం నీళ్లు పోసి దాని మీద అంటించి చూడండి. కిటికీ తీసి ఉంచండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. కాటన్ అయితే కాగితం కాలిన వాసన వచ్చి మెత్తటి బూడిద మిగులుతుంది. పట్టు అయితే వెంట్రుకలు కాలిన వాసన, మిగిలిన నల్లటిది వేళ్ల మధ్య నలిపితే పొడైపోతుంది. పాలిస్టర్ మంట దగ్గరికి రాగానే ముడుచుకుపోయి, కరిగి, ఆరాక గట్టి పూసలా అవుతుంది, ఎంత నొక్కినా నలగదు, వేడిగా ఉన్నప్పుడు మాత్రం ముట్టుకోకండి, చర్మానికి అంటుకుంటే బాగా కాలుతుంది. బూడిదా వచ్చి మధ్యలో గట్టిగానూ తగిలితే అది మిక్సింగ్ బట్ట. రేయాన్ మాత్రం ఈ పరీక్షలో కాటన్ లాగే కాలుతుంది, అది చేతికి జారుతున్నట్టు ఉంటుంది, తడిసినప్పుడు బలం తగ్గిపోతుంది కాబట్టి తరచూ ఉతికే బొంతలో వద్దు.

ముదురు ఎరుపు, నీలం ముక్కల మీద తడిపిన తెల్లగుడ్డ వేసి ఇస్త్రీ పెట్టండి, తెల్లగుడ్డకి రంగు అంటితే ఆ ముక్కని విడిగా, రంగు వదలడం ఆగేదాకా ఉతకాలి. చిన్న ముక్కల్ని మెషిన్‌లో విడిగా వేస్తే పోగులన్నీ ఊడి తాడులా పేనుకుపోతాయి, వల సంచిలో వేసి జిప్పు పెట్టండి, లేదా బేసిన్‌లో చేత్తో జాడించండి.

ప్రశ్న: డబ్బా తీస్తే ముక్కిపోయిన వాసన వస్తోంది, కొన్నిటి మీద పసుపు మరకలు. కలరా ఉండలు వేసినా ఇంతే.

జవాబు: ముక్కిపోయిన వాసన తడి వల్ల, దానికి కలరా ఉండలు ఏం చెయ్యలేవు. ఉతికాక పైకి ఆరినట్టు అనిపించినా లోపల చెమ్మ ఉంటుంది, అలాగే గట్టి మూత పెడితే బూజు పడుతుంది. బాగా ఆరాక, ఇస్త్రీ వేడి కూడా చల్లారాక పెట్టండి, అప్పుడప్పుడు మూత తీసి గాలి తగలనివ్వండి, సిలికా జెల్ పొట్లాలు దొరికితే పడేయకుండా ఇందులో వెయ్యండి. పసుపు మరకలకి చెక్క, అట్టపెట్టె కారణం కావచ్చు, వాటిలోని ఆమ్లం గుడ్డకి ఎక్కుతుంది, మధ్యలో ఉతికిన తెల్ల పాతగుడ్డ పరవండి. డబ్బా పారదర్శకంగా ఉంటే లోపలేముందో కనపడుతుంది, కానీ ఎండ తగిలే చోట పెడితే మడత పైకున్న భాగమే వెలిసిపోయి గీత పడుతుంది.

గంజి పెట్టిన ముక్కల్ని అలాగే దాచొద్దు, గంజి కోసం సిల్వర్‌ఫిష్ పురుగులు వస్తాయి, గంజి కుట్టబోయే రోజు పెట్టుకోవచ్చు. బట్టలు తినే చిమ్మెట పిల్లలు ఉన్నీ, పట్టు తింటాయి కానీ శుభ్రంగా ఉన్న కాటన్ జోలికి పెద్దగా రావు, కాబట్టి కాటన్ డబ్బాలో కలరా ఉండలు అక్కర్లేదు. పసిపిల్లల బొంతకి వాడే ముక్కల్లో అయితే అస్సలు వద్దండీ, ఆ ఉండల్లో ఉండే నాఫ్తలిన్ కొందరు పసివాళ్లలో ఎర్ర రక్తకణాల్ని దెబ్బతీస్తుంది, ఇది తేలిగ్గా తీసుకోకండి.

ప్రశ్న: మా అమ్మ చీరలు ఉన్నాయి, ఆవిడ లేరు. బొంత కుట్టించుకోవాలని ఉంది కానీ కత్తెర పెట్టబుద్ధి కావట్లేదు.

జవాబు: తొందరేం లేదమ్మా, మనసు ఒప్పినప్పుడే పెట్టండి. ఆ చీరల్ని మిగతా ముక్కలతో కలపకుండా వేరే డబ్బాలో, ఎవరివో ఏ సందర్భంలో కట్టుకున్నారో చీటీ రాసి పెట్టండి. మడతల మీదే చీర చిరుగుతుంది కాబట్టి అప్పుడప్పుడు తీసి మడత మార్చండి. ముందు చీర మొత్తం పరిచి ఫోటో తీసుకోండి, వెలుతురుకి అడ్డం పెట్టి చూస్తే ఎక్కడ పలచబడిందో తెలుస్తుంది, అంచూ పైటా కదపకుండా, కుచ్చిళ్ల లోపలికి పోయే భాగం నుంచే ముక్కలు తీయొచ్చు. పాత చీరని 1½ అంగుళాలకి కొయ్యకండి, కుట్టు దగ్గర నిలవదు, 4½ లేదా 8½ చదరాలు కోసి ప్రతిదాని వెనక పలచటి కాటన్ లైనింగ్ వేసి రెండూ కలిపి కుట్టండి, బరువంతా లైనింగ్ మొయ్యాలి.

ప్రశ్న: సన్నగా పొడుగ్గా మిగిలే పీలికల్ని ఏ డబ్బాలో వెయ్యాలి?

జవాబు: వాటికి వేరే డబ్బా. ముప్పావు అంగుళం పైన వెడల్పున్నవన్నీ ఉంచండి, అన్నీ ఒకే వెడల్పుకి కత్తిరించాల్సిన పని లేదు, ఇస్త్రీ చేసి చుట్టలు చుట్టి వెయ్యండి చాలు. ఏ పాత దుప్పటి గుడ్డో 5 అంగుళాల చదరంగా కోసి, దాని మీద మూల నుంచి మూలకి ఒక పీలిక వేసి, దాని మీద ఇంకో పీలికని బోర్లా పెట్టి అంచు వెంబడి కుట్టి పక్కకి తిప్పుతూ, రెండు మూలలూ నిండేదాకా వెళ్లి, చివర్లో 4½కి చెక్కెయ్యండి, అది నేరుగా మొదటి డబ్బాలో ముక్కల పక్కన సరిపోతుంది.