మంచు ఊళ్లో సినిమా పండగ: ఫోన్ ఆగిపోతే, లెన్సు మసకబారితే

ప్రశ్న: అమెరికాలో జరిగే సన్‌డాన్స్ చిత్రోత్సవానికి వెళ్తున్నాను. ఇదివరకోసారి మంచు కురిసే ఊళ్లో బయట క్యూలో ఉండగా, 35 శాతం చార్జింగ్ చూపిస్తూనే ఫోన్ ఆగిపోయింది. లోపలికెళ్లాక ఆన్ చేస్తే 30 శాతం ఉంది. బ్యాటరీ పాడైందా?

జవాబు: అంతమాత్రాన పాడైనట్టు కాదు. 2026 వరకూ ఉత్సవం జరిగిన పార్క్ సిటీ (యూటా రాష్ట్రం) దాదాపు 7,000 అడుగుల ఎత్తున ఉంటుంది. 2027 నుంచి వేదికైన బౌల్డర్ (కొలరాడో రాష్ట్రం) ఎత్తు 5,400 అడుగుల పైచిలుకు. రెండుచోట్లా జనవరి రాత్రుళ్లు ఉష్ణోగ్రత సున్నా కిందికి దిగడం మామూలే. ఐఫోన్‌నేమో 0 నుంచి 35 డిగ్రీల సెల్సియస్ మధ్యే వాడమని యాపిల్ చెబుతుంది.

చలికి లిథియం అయాన్ బ్యాటరీలో అయాన్ల కదలిక మందగించి, అంతర్గత నిరోధం (కరెంటు ప్రవాహానికి అడ్డు) పెరుగుతుంది. ఆ సమయంలో కెమెరా తెరిచినా, ఫోన్ సిగ్నల్ కోసం గట్టిగా వెతికినా కరెంటు ఒక్కసారిగా ఎక్కువ కావాల్సి వస్తుంది. దాంతో వోల్టేజీ పడిపోయి ఫోన్ ఆగిపోతుంది. చార్జి ఎక్కడికీ పోలేదు, వెచ్చబడగానే మళ్లీ అందుతుంది. పాత బ్యాటరీలో నిరోధం ముందే ఎక్కువ కాబట్టి ఈ బెడద త్వరగా వస్తుంది. ఐఫోన్ బ్యాటరీ హెల్త్‌లో గరిష్ఠ సామర్థ్యం 80 శాతం కన్నా తగ్గిందా? బయల్దేరే ముందే బ్యాటరీ మార్పించండి.

క్యూలో ఉన్నప్పుడు ఫోన్‌ను కోటు లోపలి జేబులో, ఒంటికి ఆనేలా పెట్టుకోండి. లో పవర్ మోడ్ ఆన్ చేయండి. పవర్ బ్యాంక్‌లో ఉన్నదీ అదే రకం బ్యాటరీ, దాన్నీ లోపలే ఉంచాలి. అన్నిటికన్నా ముఖ్యమైన మాట: గడ్డకట్టిన ఫోన్‌ను వెంటనే చార్జింగ్‌కి పెట్టకండి. సున్నా కన్నా తక్కువ ఉష్ణోగ్రతలో చార్జ్ చేస్తే లిథియం ఎలక్ట్రోడ్ లోపలికి చేరలేక, పైనే లోహపు పూతలా పేరుకుంటుంది. ఆ నష్టాన్ని మళ్లీ సరిచేయలేం. అరగంట జేబులో వెచ్చబడనిచ్చి, ఆ తర్వాత కేబుల్ తగిలించండి. హీటర్ మీద మాత్రం పెట్టొద్దు.

విమానంలో పవర్ బ్యాంక్ చేతి సంచిలోనే ఉండాలి, చెక్-ఇన్ సామానులో కుదరదు. మామూలు పరిమితి 100 వాట్-అవర్. 20,000 ఎంఏహెచ్‌ది 3.7 వోల్టుల లెక్కన 74 వాట్-అవరే కాబట్టి చిక్కులేదు.

ప్రశ్న: వీధిలోంచి థియేటర్లోకి రాగానే కెమెరా లెన్సు మసకబారుతోంది. తుడిస్తే మళ్లీ వస్తోంది.

జవాబు: తుడవకండి. చల్లటి గాజును వెచ్చటి, తేమగల గాలి తాకితే నీటి ఆవిరి దానిమీద చెమ్మగా మారుతుంది. గాజు వెచ్చబడేదాకా తుడిచినకొద్దీ కొత్త చెమ్మ చేరుతూనే ఉంటుంది. పైన కనిపించే చెమ్మ ఆరిపోతుంది గానీ, లోపలి సర్క్యూట్ల మీద చేరేదే ప్రమాదం.

అందుకే బయట ఉండగానే కెమెరాను జిప్ ఉన్న ప్లాస్టిక్ సంచిలో పెట్టి, గాలి నొక్కేసి మూయండి. అలాగే లోపలికి తెచ్చి గంట, రెండు గంటలు కదపకండి. చెమ్మ సంచి బయటివైపున పడుతుంది, కెమెరా మీద కాదు. ఫొటోలు వెంటనే కావాలంటే మెమరీ కార్డును సంచి మూసే ముందే తీసుకోవాలి; ఈ ఒక్క పని మర్చిపోయి చాలామంది మధ్యలో సంచి తెరుస్తారు. ఆ రోజే మళ్లీ బయటికి వెళ్లేదుంటే, కెమెరాను చలిలోనే ఉంచడం ఇంకా మేలు.

ఐపీ68 (నీళ్లు, దుమ్ము చొరబడవని చెప్పే రేటింగ్) ఉన్న ఫోన్ కదా అని ధీమా వద్దు. ఆ పరీక్ష నీళ్లలో ముంచి చేసేది, ఆవిరి సంగతి దానిలో లేదు. చార్జింగ్ పోర్టులో తేమ ఉందన్న హెచ్చరిక వస్తే కేబుల్ తీసేసి, పోర్టు కిందికి ఉండేలా పట్టుకుని మెల్లగా తట్టి, గాలి తగిలేచోట ఆరనివ్వండి. దూది, పుల్లలు దూర్చొద్దు.

మరో మాట: మంచు బూడిద రంగులో వస్తుంటే ఎక్స్‌పోజర్‌ను +1 దాకా పెంచండి. కెమెరా తెల్లదనాన్ని మధ్యస్థ వెలుతురుగా పొరబడుతుంది.

ప్రశ్న: టికెట్ ఫోన్‌లోనే ఉంది. గేటు దగ్గర నెట్ రాకపోతే ఎలా?

జవాబు: టికెట్‌ను ఫోన్‌లోని వాలెట్ యాప్‌లో చేర్చే వీలుంటే ముందే వైఫైలో చేర్చండి, అది నెట్ లేకున్నా తెరుచుకుంటుంది. స్క్రీన్‌షాట్‌నే నమ్ముకోవద్దు. కొన్ని టికెట్ల కోడ్ క్షణక్షణం మారుతుంది. పార్క్ సిటీలో వెయిట్‌లిస్ట్ (టికెట్ లేనివాళ్లు మిగిలిన సీట్ల కోసం చేరే వరుస) నంబరు కూడా ఆటకు రెండు గంటల ముందు ఫోన్‌లోనే తీసుకోవాల్సి వచ్చేది. ఆ గడియకు ఫోన్ చచ్చిపోతే సీటు పోయినట్టే.

భారత్‌లో ఉండగా ఆటల వేళలు క్యాలెండర్‌లో రాసుకుంటుంటే టైమ్ జోన్ డెన్వర్‌గా పెట్టండి (బౌల్డర్‌దీ అదే సమయం). లేకపోతే సాయంత్రం 6 గంటల ఆట అక్కడ తెల్లవారుజామున 5:30కి కనిపిస్తుంది.

ప్రశ్న: గ్లవ్స్‌తో స్క్రీన్ పనిచేయడం లేదు.

జవాబు: వేలికొసల్లో విద్యుత్ ప్రసరించే దారం నేసిన పల్చటి జత లోపల, మందపాటిది పైన వేసుకోండి. శామ్‌సంగ్ ఫోన్లలో సెట్టింగ్స్‌లోని డిస్‌ప్లేలో టచ్ సెన్సిటివిటీ ఆన్ చేస్తే కొంత నయం. ఐఫోన్‌లో అలాంటి ఏర్పాటు లేదు.