పాత కార్డు బాకీకి ఏజెంటు అడిగే ‘టోకెన్ అమౌంట్’ కట్టొచ్చా?

ప్రశ్న: నా క్రెడిట్ కార్డుకు 2018 జూన్‌లో చివరిసారి డబ్బు కట్టాను. అప్పటికి రూ.31,000 బాకీ. అందులో రూ.12,000 నేను చేయని లావాదేవీ అని ఫిర్యాదు ఇచ్చినా బ్యాంకు ఏమీ తేల్చలేదు. ఇప్పుడు ఒక ఏజెన్సీ రూ.1.86 లక్షలు కట్టమంటోంది. ఇవాళ రూ.5,000 కట్టి, వాళ్లు పంపిన ఫారంపై సంతకం చేస్తే కేసు పెట్టరట. కట్టేయమంటారా?

జవాబు: వద్దు. ముఖ్యంగా ఆ సంతకం పెట్టొద్దు.

మామూలు డబ్బు బాకీపై కోర్టుకు వెళ్లడానికి 1963 లిమిటేషన్ చట్టం ఇచ్చే గడువు మూడేళ్లు. మీ లెక్కన అది 2021 జూన్‌తో తీరాలి. కానీ కోవిడ్ వల్ల 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 వరకు ఉన్న కాలాన్ని గడువులో కలపకూడదని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ రోజులు పక్కన పెట్టినా 2023 మధ్యకల్లా గడువు అయిపోయింది. ఈలోగా మీరు బాకీ ఒప్పుకుంటూ సంతకంతో ఏమీ రాసివ్వలేదు కదా? ఇవ్వకపోతే ఇది కాలదోషం పట్టిన బాకీ, అంటే కోర్టుకెళ్లి వసూలు చేసుకునే గడువు దాటిపోయినది.

అలాంటి బాకీకి మళ్లీ ప్రాణం పోసేది మీ సంతకమే. కాలదోషం పట్టిన అప్పును తీరుస్తానని రాసి సంతకం చేస్తే, కాంట్రాక్టు చట్టం సెక్షన్ 25(3) కింద అది చెల్లే కొత్త ఒప్పందం అవుతుంది. వాళ్లకు మీ ఐదు వేలకన్నా ఆ ఫారమే విలువైనది. ‘త్వరలో కడతాను’ అని మర్యాదకు పంపే ఈమెయిలూ, ఫోన్‌కు వచ్చిన ఓటీపీతో చేసే ఈ-సంతకమూ అంతే ప్రమాదం.

అయితే నిశ్చింతగా ఉండే ముందు ఒకటి చూసుకోండి. గడువులోపే బ్యాంకు కేసు వేసి, సమన్లు మీ పాత అడ్రసుకు వెళ్లి, మీరు లేకుండానే డబ్బు కట్టమని కోర్టు తీర్పు (ఎక్స్‌పార్టీ డిక్రీ) వచ్చి ఉండొచ్చు. డిక్రీ ఉంటే దాన్ని అమలు చేయించుకోవడానికి 12 ఏళ్ల గడువుంటుంది, అప్పుడు కాలదోషం వాదన పనికిరాదు. కోర్టు కేసుల వివరాలుండే ఈకోర్ట్స్ సైట్‌లో మీ పేరుతో, కార్డు తీసుకున్న ఊరి జిల్లా కోర్టుల్లో వెతకండి. కార్డు ఒప్పందంలో ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి తీర్పు) షరతు ఉంటే ఆ నోటీసులేమైనా వచ్చాయా అని పాత మెయిళ్లూ తిరగేయండి. లోక్ అదాలత్ నుంచి పిలుపు వస్తే అది శిక్ష కాదు, రాజీకి పిలవడం. ఒప్పుకోకపోయినా ఏమీ కాదు. ఒప్పుకుంటే మాత్రం ఆ అవార్డు కోర్టు డిక్రీతో సమానం.

ఇక ఏజెన్సీకి కాదు, బ్యాంకులో ఫిర్యాదులు చూసే నోడల్ ఆఫీసర్‌కు మెయిల్ చేయండి. మొదటి వాక్యంలోనే ‘ఈ బాకీని నేను అంగీకరించడం లేదు’ అని రాయండి. తర్వాత ఇవి అడగండి: 2018 నుంచి స్టేట్‌మెంట్లు, అసలు, వడ్డీ, లేట్ ఫీజు, జీఎస్‌టీ విడివిడిగా, రూ.12,000 ఫిర్యాదు ఏమైందో. ఏజెన్సీకి ఇచ్చిన అధికార పత్రం. బాకీని అసెట్ రీకన్‌స్ట్రక్షన్ కంపెనీకి (మొండి బాకీలు కొనే సంస్థకు) అమ్మేసి ఉంటే అసైన్‌మెంట్ (ఆ బదిలీ) వివరాలు. కార్డు వడ్డీ నెలకు 3 శాతం పైనే ఉంటుంది, వడ్డీకీ ఫీజులకూ 18 శాతం జీఎస్‌టీ తోడవుతుంది. అంకె అలాగే ఉబ్బుతుంది. వివాదంలో ఉన్న 12,000 మీదా వడ్డీ వేశారేమో స్టేట్‌మెంట్లలోనే బయటపడుతుంది.

ఫోన్ వస్తే ‘రాతపూర్వకంగా పంపండి’ అన్న ఒక్క మాట చాలు. ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత వాళ్లు ఫోన్ చేయకూడదు. బంధువులకు, స్నేహితులకు చెప్పి పరువు తీయకూడదు. ఇవి రిజర్వ్ బ్యాంకు 2022 ఆగస్టులో స్పష్టంగా చెప్పిన నిబంధనలు. కాల్ రికార్డులు, స్క్రీన్‌షాట్లు దాచండి. బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు సరిగా లేకపోయినా బ్యాంకులపై ఫిర్యాదులు తేల్చే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు. ‘పోలీసులు వస్తారు’ అనేది చాలావరకు బెదిరింపే. కార్డు బాకీ సివిల్ వ్యవహారం. చెక్కు గానీ, ఖాతా నుంచి ఆటోమేటిక్‌గా కట్ అయ్యే మాండేట్ గానీ బౌన్స్ అయి ఉంటే మాత్రం క్రిమినల్ కేసుకు వీలుంది, అప్పుడు వెంటనే లాయర్‌ను కలవండి.

కాలదోషం పట్టినా బాకీ మాఫీ అయినట్టు కాదు, మీ అప్పుల చరిత్ర చూపే సిబిల్ రిపోర్టులో ‘రిటెన్ ఆఫ్’ (వసూలు కాని బాకీ) అని కనిపిస్తూ ఉండొచ్చు. ఇంటి రుణం ఆలోచన ఉంటే వివాదం లేని రూ.19,000 అసలు దగ్గర బేరం మొదలుపెట్టి తేల్చుకోవడమే నయం. ‘సెటిల్డ్’ (తగ్గించి తీర్చుకున్నది) కాదు, ‘క్లోజ్డ్’ (పూర్తిగా తీరినది) అని నమోదు చేస్తామని బ్యాంకు లెటర్‌హెడ్‌పై ముందే రాయించుకోండి. అందుకు ఒప్పుకోకపోతే మొత్తం ఇంకా తగ్గించమని అడగండి. వాయిదాలు వద్దు, ఒకేసారి కట్టండి. అదీ నేరుగా బ్యాంకు ఖాతాకే, ఏజెంటు యూపీఐకి ఒక్క రూపాయీ వద్దు. బాకీ ఏమీ లేదనే నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకుని, రెండు నెలలకు సిబిల్ రిపోర్టు మళ్లీ తెరిచి చూడండి. మారకపోతే అక్కడే డిస్ప్యూట్ పెట్టండి. 30 రోజులు దాటితే ఆలస్యానికి రోజుకు రూ.100 చొప్పున పరిహారం అడిగే హక్కు మీకుంది.