పాత ట్యూబు ఫోనో ప్రీయాంప్‌పై చేయి వేసే ముందు

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. రికార్డు ప్లేయర్ నుంచి వచ్చే బలహీనమైన సంకేతాన్ని పెంచే నీ ప్రీయాంప్‌లో ఎడమ చానల్ నుంచి ఆగకుండా హమ్ (గుయ్‌మనే రొద) వస్తోందనీ, వేడెక్కాక చిటపటలు కూడా మొదలవుతున్నాయనీ, అందువల్ల ఈ ఆదివారం కెపాసిటర్లన్నీ ఒకే విడతలో మార్చి, ఖరీదైన పాతకాలపు ట్యూబులు తెప్పించి పెట్టాలనుకుంటున్నాననీ రాశావు. నీ ఉత్సాహాన్ని కాదనను గాని, ఆ పద్ధతిని మాత్రం ఒప్పుకోలేను. నీకు ఒక చానల్ చెడిపోయి, రెండోది సవ్యంగా పనిచేస్తోంది. మరమ్మతు చేసేవాడికి ఇంతకంటే మంచి అవకాశం ఉండదు, ఎందుకంటే సర్క్యూట్ పటం దొరకకపోయినా, ఏ బిందువు దగ్గర ఎంత వోల్టేజి ఉండాలో ఆ బాగున్న చానలే చెబుతుంది. రెండింటినీ ఒకేసారి విప్పేస్తే ఆ ఆధారాన్ని నీ చేతులతో నీవే పోగొట్టుకుంటావు.

ఇది నేను నష్టపోయి నేర్చుకున్న సంగతి. నా మొదటి ప్రీయాంప్‌లో రెండు చానళ్ల ఫిల్మ్ కెపాసిటర్లూ ఒకే సాయంత్రం మార్చేశాను. రికార్డు పెట్టి చూస్తే గాయకుడు డబ్బాలో తల పెట్టి పాడుతున్నట్లు వినిపించింది. ఎడమా కుడీ ఒకేలా ఉండడంతో తప్పు నాది కాదని, రికార్డునూ, సూది ఉండే కార్ట్రిడ్జినీ అనుమానిస్తూ వారాలు గడిపాను. చివరకు భూతద్దం పెట్టి చూస్తే, 333 అని అచ్చు వేసిన కెపాసిటర్ ఉండవలసిన చోట రెండు వైపులా 332 వేసి ఉన్నాను. మొదటిది 33,000 పికోఫారడ్‌లు, రెండోది 3,300. ఒక్క అంకె తేడాతో విలువ పదో వంతుకు పడిపోయింది. ఒక చానల్ మాత్రమే మార్చి ఉంటే అరగంటలో దొరికిపోయేది.

పెట్టె తెరిచే ముందు వోల్టేజి సంగతి. ఇందులో 250 నుంచి 300 వోల్టుల డీసీ ఉంటుంది, అది స్విచ్ ఆపగానే పోదు. 47 మైక్రోఫారడ్‌ల ఫిల్టర్ కెపాసిటర్‌కు అడ్డంగా 220 కిలోఓమ్‌ల బ్లీడర్ రెసిస్టర్ (చార్జిని ఖాళీ చేసేది) ఉంటే, 300 వోల్టులు 2 వోల్టులకు దిగడానికి సుమారు 50 సెకన్లు పడుతుంది. బ్లీడర్ లేకపోయినా, ఉన్నది తెగిపోయి ఉన్నా, ఆ చార్జి గంటల తరబడి నీ వేలి కోసం ఎదురు చూస్తూ ఉంటుంది. కాబట్టి ప్లగ్గును గోడ నుంచి పూర్తిగా ఊడదీసి, 10 కిలోఓమ్‌లు, 5 వాట్‌ల రెసిస్టర్‌ను ఇన్సులేషన్ ఉన్న క్లిప్పులతో ప్రతి ఫిల్టర్ కెపాసిటర్‌కూ కాసేపు తగిలించి, ఆ తరువాత మీటరుతో కొలిచి చూసుకున్నాకే లోపల చేయి పెట్టు. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసే అలవాటు కొందరికి ఉంటుంది, అది కెపాసిటర్‌కూ కంటికీ కూడా మంచిది కాదు. కరెంటు ఉండగా కొలవవలసి వచ్చినప్పుడు మీటరు నల్ల తీగను చాసిస్‌కు క్లిప్పుతో తగిలించి, ఎర్ర తీగను ఒక్క చేతితో పట్టుకుని, రెండో చేతిని వెనక్కి పెట్టుకో.

ఇక హమ్ విషయం. ఫోనో ప్రీయాంప్‌లో హమ్ ఇంతగా వేధించడానికి కారణం అది చేసే పనిలోనే ఉంది. మూవింగ్ మాగ్నెట్ రకం కార్ట్రిడ్జి ఇచ్చేది కొద్ది మిల్లీవోల్టులు మాత్రమే. పైగా 1954 నుంచి రికార్డుల పరిశ్రమ పాటిస్తున్న ఆర్ఐఏఏ వక్రరేఖ ప్రకారం రికార్డు మీద గాడి కోసేటప్పుడు తగ్గించిన మంద్ర స్వరాలను ఇక్కడ తిరిగి పెంచాలి. ఆ లెక్కన 1,000 హెర్ట్జ్‌తో పోలిస్తే 50 హెర్ట్జ్ దగ్గర సుమారు 17 డెసిబెల్‌లు, అంటే 7 రెట్లు, ఎక్కువ పెంపు ఉంటుంది. ఇంటి కరెంటు (మెయిన్స్) 50 హెర్ట్జ్ అయిన చోట దారి తప్పి లోపలికి వచ్చిన హమ్‌కు కూడా అదే మర్యాద దక్కుతుంది.

నీ హమ్ ఒక్క చానల్‌కే పరిమితమైందంటే, రెండింటికీ ఉమ్మడిగా ఉన్న పవర్ సప్లైని మొదటే అనుమానించనక్కరలేదు. ముందుగా వాల్యూమ్ పూర్తిగా తగ్గించి, టర్న్‌టేబుల్ నుంచి వచ్చే ఎడమ, కుడి తీగలను ప్రీయాంప్ దగ్గర అటూ ఇటూ మార్చి పెట్టు. హమ్ కుడివైపుకు మారితే ప్రీయాంప్ నిర్దోషి, లోపం కార్ట్రిడ్జి వెనుక ఉన్న సన్నని పిన్నుల దగ్గరో, కేబుల్‌లోనో ఉంటుంది. మారకపోతే విద్యుత్ ఆపి, ట్యూబులు చల్లారాక, రెండు చానళ్ల మొదటి ట్యూబులను పరస్పరం మార్చు (ఒకే ట్యూబులోని రెండు సగాలను రెండు చానళ్లూ పంచుకునే నిర్మాణమైతే ఈ పరీక్ష కుదరదు, తెలిసి బాగున్న మరో ట్యూబు పెట్టి చూడాలి). హమ్ ట్యూబుతో పాటు వెళితే, ట్యూబును వేడిచేసే హీటర్‌కూ, ఎలక్ట్రాన్లను వెదజల్లే కాథోడ్‌కూ మధ్య లీకేజి ఉన్న ట్యూబు అది. అప్పటికీ ఎడమవైపే ఉంటేనే పెట్టె లోపల వెతకాలి. రెండు చానళ్లలోనూ హమ్ ఉంటే దాని శ్రుతిని చెవితో గుర్తించడం నేర్చుకోవాలి. మెత్తగా మోగే 50 హెర్ట్జ్ అయితే ఎర్త్ వైరునూ, హీటరు తీగలనూ, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరితనాన్నీ చూడాలి. కాస్త గరుకుగా వినిపించే 100 హెర్ట్జ్ అయితే రెక్టిఫయర్ (ఏసీని డీసీగా మార్చేది) తరువాతి ఫిల్టర్ కెపాసిటర్లు ఎండిపోయాయని భావించవచ్చు.

చిటపటలకు సాధారణంగా ట్యూబు సాకెట్ కారణమవుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన సన్నని బ్రష్‌తో సాకెట్ రంధ్రాలను శుభ్రం చేసి, వదులైన కాంటాక్టులను సూదితో కొద్దిగా బిగించు. తరువాత కొయ్య పెన్సిల్ వెనుక కొనతో ట్యూబును మెల్లగా తట్టు. గంట కొట్టినట్లు మోగితే అది మైక్రోఫోనిక్ ట్యూబు, దాన్ని మొదటి స్థానం నుంచి తీసి సంకేతాన్ని పెంచే రెండో దశలో వాడుకోవచ్చు. వేడెక్కాకే చిటపటలు వస్తున్నాయన్నావు గనుక, ట్యూబు ప్లేట్‌కు సప్లైని అందించే ప్లేట్ రెసిస్టర్‌నూ మరచిపోవద్దు. పాతకాలపు కార్బన్ కాంపొజిషన్ రెసిస్టర్లు వోల్టేజి మోస్తూ ఉంటే స్వయంగా రొద చేస్తాయి. ఆ ఒక్క చోట మెటల్ ఫిల్మ్ రెసిస్టర్ వేస్తే నేపథ్యం ఎంత నిశ్శబ్దమవుతుందో వింటేనే తెలుస్తుంది.

ఇప్పుడు కొలతలు. నీ దాంట్లో ఉన్న ట్యూబు 12ఏఎక్స్7, అంటే ఈసీసీ83, అన్నావు. దాని పిన్నుల్లో 1, 6 ప్లేట్లు (పెరిగిన సంకేతం వచ్చే చోటు), 2, 7 గ్రిడ్లు (సంకేతం లోపలికి వెళ్లే చోటు), 3, 8 కాథోడ్లు. సప్లై 250 వోల్టులు, ప్లేట్ రెసిస్టర్ 100 కిలోఓమ్‌లు, కాథోడ్ రెసిస్టర్ 1.5 కిలోఓమ్‌లు ఉన్న దశలో సుమారు 0.86 మిల్లీఆంపియర్ ప్రవహిస్తుంది. కాబట్టి ప్లేట్ దగ్గర 164 వోల్టులు, కాథోడ్ దగ్గర 1.3 వోల్టులు కనిపించాలి. పది శాతం అటూ ఇటూ అయితే కంగారు పడవద్దు. ప్లేట్ దగ్గర సప్లై అంతా కనిపించి, కాథోడ్ దగ్గర ఏమీ లేకపోతే ట్యూబు కరెంటు లాగడం లేదన్న మాట.

కాథోడ్ వోల్టేజి ఎక్కువగానూ ప్లేట్ వోల్టేజి తక్కువగానూ ఉంటే, ముందరి దశ నుంచి సంకేతాన్ని తెచ్చే కప్లింగ్ కెపాసిటర్ మీద గట్టిగా అనుమానపడు. ఆ ట్యూబును సాకెట్ నుంచి తీసి, కరెంటు పెట్టి, ఖాళీ సాకెట్‌లోని గ్రిడ్ కాంటాక్టు దగ్గర డీసీ కొలువు. అక్కడ సున్నా ఉండాలి. గ్రిడ్ రెసిస్టర్ 1 మెగాఓమ్ అయితే, కెపాసిటర్ గుండా ఒకే ఒక్క మైక్రోఆంపియర్ జారినా అక్కడ 1 వోల్టు నిలుస్తుంది. మొత్తం 1.3 వోల్టుల బయాస్ (గ్రిడ్‌కూ కాథోడ్‌కూ మధ్య ఉండే వోల్టేజి తేడా) మీద నడిచే ట్యూబుకు అది ఎంత భారమో నీవే ఊహించు. విడిగా తీసి మామూలు మీటరుతో పరీక్షిస్తే ఇదే కెపాసిటర్ బ్రహ్మాండంగా ఉన్నట్లు చూపిస్తుంది, ఎందుకంటే మీటరు ఇచ్చే కొద్ది వోల్టులకు అది లీక్ కాదు.

లోపం దొరికి, సరిచేశాకే మెరుగుదల మాట. పదిహేను, ఇరవై ఏళ్లు దాటిన ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లను పనిచేస్తున్నా మార్చేయడం మంచిది. ధ్రువత్వం చూసుకుని వేయి. మార్చిన తరువాత మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు సిరీస్‌లో ఒక ఫిలమెంట్ బల్బు పెట్టు. బల్బు ఒక్కసారి వెలిగి మసకబారితే సరే, ప్రకాశంగానే నిలిచిపోతే వెంటనే ఆపేయి. కప్లింగ్ కెపాసిటర్ పెద్దదైతే మంద్రం బాగా వస్తుందనే మాట మాత్రం నమ్మవద్దు. 0.1 మైక్రోఫారడ్‌కు 1 మెగాఓమ్ తోడైతే 1.6 హెర్ట్జ్ వరకూ దారి తెరిచే ఉంటుంది. ఇంకా పెంచితే వంగిన రికార్డుల ఊగిసలాట కూడా స్పీకర్‌కు చేరి, కోన్ ఊపిరి పీల్చినట్లు ముందుకూ వెనక్కూ కదులుతుంది. సంగీతానికి ఒరిగేది ఏమీ ఉండదు. 3,180, 318, 75 మైక్రోసెకన్ల కాల స్థిరాంకాలను నిర్ణయించే ఆర్ఐఏఏ భాగాల విషయంలో మాత్రం పిసినారితనం చూపవద్దు. అచ్చు వేసిన విలువకు 1 శాతానికి మించి తేడా రానివి తీసుకుని, ఒక్కోదాన్నీ కొలిచి, రెండు చానళ్లకూ జతలుగా ఏర్చి వేయి. పాలిస్టైరీన్ కెపాసిటర్ వాడితే ఐరన్ వేడికి అది కరిగిపోతుంది, కాబట్టి కాలును పట్టకారుతో పట్టుకుని చకచకా సోల్డర్ చేసేయి.

ట్యూబుల కొనుగోలు అన్నింటికంటే చివర. లీకయ్యే కెపాసిటర్ ఉన్న సాకెట్‌లో ఎంత ఖరీదైన ట్యూబు పెట్టినా దాని ఆయుష్షు తగ్గించడమే అవుతుంది. ఈసీసీ88 అనే మరో రకం ట్యూబును ఈసీసీ83 స్థానంలో పెట్టవచ్చని ఎవరైనా చెబితే వినవద్దు, రెండింటి హీటరు అమరిక వేరు, 9వ పిన్ను అర్థం కూడా వేరు.

ఈ ఆదివారం సోల్డరింగ్ ఐరన్ తీయకు. ఒక కాగితం మీద ఎడమకు ఒక వరుస, కుడికి ఒక వరుస గీసి, ప్రతి ట్యూబు ప్లేట్, కాథోడ్ వోల్టేజీలు రాసి, తీగలు మార్చినప్పుడు హమ్ ఎటు వెళ్లిందో కింద రాసి నాకు పంపు. రెండు వరుసలు మొదటిసారి ఎక్కడ విడిపోయాయో చూసి, ఏ భాగం తెప్పించుకోవాలో తిరుగు టపాలో రాస్తాను.

ఇట్లు,
నీ మామయ్య