అప్‌గ్రేడ్ తర్వాత మెయిల్ చెదిరిపోతే

అమ్మాయీ,

కంప్యూటర్‌లో కొత్త వెర్షన్ వేసినప్పటి నుంచి మెయిళ్లు చెదిరిపోతున్నాయని, ఆఫీసులో మాట పడాల్సి వస్తోందని రాశావు. టెన్షన్ పడకు. సిస్టమ్ మొత్తం తీసేసి మళ్లీ వేద్దామన్న ఆలోచన మాత్రం పక్కన పెట్టు. ఇలాంటివి చాలావరకు సెట్టింగుల దగ్గరే తేలిపోతాయి.

ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే. తేడా మెయిల్‌లోనే ఉందా, దాన్ని చూపించే ప్రోగ్రామ్‌లో ఉందా? నీకు నువ్వే ఒక మెయిల్ పంపుకో. అందులో రెండు మూడు లైన్ల తెలుగు, ఒక బోల్డ్ మాట, చిన్న టేబుల్, నీ సంతకం పెట్టు. దాన్ని ఫోన్‌లోనూ బ్రౌజర్‌లోనూ తెరిచి చూడు. అక్కడ బాగుండి నీ కంప్యూటర్‌లోనే చెదిరితే చూపించడంలోనే లోపం. అన్నిచోట్లా చెదిరితే పంపేటప్పుడే పాడవుతోంది. ఇది తేలకుండా సెట్టింగులు కెలకొద్దు. తేలాక కూడా ఒకసారికి ఒక్కటే మార్చు, లేకపోతే దేనివల్ల బాగుపడిందో తెలియదు.

బోల్డ్, రంగులు, టేబుల్ అన్నీ పోయి ఉత్త అక్షరాలే మిగిలితే మెయిల్ ప్లెయిన్ టెక్స్ట్‌లో వెళ్తోందన్నమాట. మెయిల్ రాసే (కంపోజ్) సెట్టింగుల్లో హెచ్‌టీఎమ్‌ఎల్ ఎంచుకో, బోల్డ్, రంగులు, టేబుల్ నిలిపే ఫార్మాట్ అదే. అయినా జవాబులు మాత్రం ప్లెయిన్‌గానే వెళ్తున్నాయా? చాలా ప్రోగ్రాములు వచ్చిన మెయిల్ ఏ ఫార్మాట్‌లో ఉంటే జవాబునూ అందులోనే రాయిస్తాయి, అది లోపం కాదు. లైన్లు సగంలో విరగడం కూడా ప్లెయిన్ టెక్స్ట్ సంగతే. లైనుకు 78 అక్షరాలు దాటకుండా ఉంటే మంచిదని ఈమెయిల్ ప్రమాణాలు చెబుతాయి, అందుకే ప్రోగ్రాములు ఆ దరిదాపుల్లో విరగ్గొడతాయి. చిన్న తెర మీద అదే లైను మళ్లీ విరిగి, ఒకటి పొడుగ్గా, దాని కింద రెండు మాటల తోకగా కనిపిస్తుంది. అవతలివాళ్లకు విన్‌మెయిల్ పేరుతో తెరుచుకోని అటాచ్‌మెంట్ వస్తోందంటే, నీ మెయిల్ ప్రోగ్రామ్ అవుట్‌లుక్ దాన్ని రిచ్ టెక్స్ట్ అనే తన సొంత ఫార్మాట్‌లో పంపుతోందని అర్థం. దానికీ మందు హెచ్‌టీఎమ్‌ఎల్లే.

ఇక తెలుగు సంగతి. ఇక్కడ ఏం కనిపిస్తోందో నిదానంగా చూడాలి, ఎందుకంటే ఒక్కో గుర్తు ఒక్కో రోగాన్ని చెబుతుంది. డబ్బాలు కనిపిస్తే ఫాంట్ లేదు. అక్షరాలు సరిగానే ఉన్నా వాటి రూపం మారి టేబుల్ గడులు జరిగిపోతే, నువ్వు వాడే ఫాంట్ బదులు వేరేది వచ్చి కూర్చుంది. విండోస్ 10 నుంచి గౌతమి, వాణి ఫాంట్లను విడి ప్యాకేజీలోకి మార్చారు. సెట్టింగుల్లోని ఆప్షనల్ ఫీచర్స్‌లో తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ అని ఉంటుంది, దాన్ని వేసుకో.

పిచ్చి గుర్తులు బారులు తీరితే ఎన్‌కోడింగ్, అంటే అక్షరాలను కంప్యూటర్ అంకెలుగా (బైట్లుగా) దాచుకునే పద్ధతి, తప్పింది. అన్ని భాషలకూ పనికొచ్చే యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌లో ఒక్కో తెలుగు అక్షరానికీ, ఒక్కో గుణింతపు గుర్తుకూ మూడేసి బైట్లు పడతాయి. 'తెలుగు' అన్న మాటలో మూడు అక్షరాలు, మూడు గుర్తులు కలిపి 18 బైట్లు. వాటిని పాశ్చాత్య ఎన్‌కోడింగ్‌తో చదివితే ఒక్కో బైటూ ఒక్కో వింత గుర్తయిపోతుంది. అసలు సమాచారం ఎక్కడికీ పోలేదు, యూటీఎఫ్-8 ఎంచుకుంటే తిరిగొస్తుంది. కానీ అక్షరాల చోట ప్రశ్నార్థకాలే ఉంటే అవి దారిలోనే పోయినట్టు. ఏ సెట్టింగూ వాటిని తేలేదు, మళ్లీ పంపించుకోవాల్సిందే. డీటీపీలో వాడే అను ఫాంట్లలో టైప్ చేసిన పాత ఫైళ్ల నుంచి కాపీ చేస్తుంటే మాత్రం, అవి అన్నిచోట్లా చెల్లే యూనికోడ్ అక్షరాలు కావు కాబట్టి, ముందు యూనికోడ్‌లోకి మార్చుకో.

సంతకంలో లోగో పెద్దదైపోతే తెర మీద అన్నిటినీ పెద్దవి చేసి చూపే డిస్‌ప్లే స్కేలింగ్ 100 శాతం నుంచి 125కో 150కో మారిందేమో చూడు.

ఇవన్నీ చూశాక కూడా తేలకపోతే ఆ టెస్ట్ మెయిల్‌ను ఫైలుగా సేవ్ చేసి నాకు అటాచ్‌మెంట్‌గా పంపు. ఊరికే ఫార్వర్డ్ చేయకు. ఫార్వర్డ్ చేస్తే నీ ప్రోగ్రామ్ దాన్ని మళ్లీ కొత్తగా తయారుచేసి పంపుతుంది, అసలు తేడా నాకు కనిపించదు.

ఆశీస్సులతో,
మామయ్య